ఆటలో అత్త గొంతు

పలాస స్టేషన్లో అమ్మే జీడిపప్పు పొట్లాల్లో ఈమధ్య పప్పుకంటే గాలే ఎక్కువగా ఉంటోంది. గాలికి విడిగా ధర వేయడం లేదు కనుక సంతోషించాలేమో. మొన్న అలాంటి పొట్లం పట్టుకుని మేనత్త కొడుకు, నా బావ, విశాఖలోని మా ఇంటికి వచ్చాడు. అత్త చనిపోయి నెల అయింది. ఫొటోలు చాలానే ఉన్నాయట గానీ గొంతు మాత్రం ఎక్కడా లేదట. "మన ఆటలో ఉంది గదా బావా, ఓపాలి ఇనిపించు" అన్నాడు. టీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్ళి, టీకి అవసరమైనదానికంటే ఎక్కువసేపే ఉండిపోయాను.

మీకూ గుర్తుండే ఉంటుంది, తొంభైల చివర్లో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళిన మనలో చాలామందిమి కోర్సుకంటే ఆటలే శ్రద్ధగా నేర్చుకున్నాం. కాశీబుగ్గలో మాకు దొరికింది ఒక పాత ఇంగ్లీషు ఆట: బొమ్మలోని మనుషుల మీదా వస్తువుల మీదా మౌస్ నొక్కుతూ, ఆధారాలు పోగుచేసుకుంటూ దారి వెతుక్కోవాలి. దాన్నే తెలుగులో మళ్ళీ తయారుచేద్దామని బోర్డులు రాసే బావకూ డిగ్రీ చదివే నాకూ బుద్ధి పుట్టింది. కోట పోయి నౌపడ ఉప్పుమడులు వచ్చాయి, రాకుమారుడు పడవ పోగొట్టుకున్న ఉద్దానం కుర్రాడయ్యాడు, మంత్రగాడికి బదులు జీడితోటలో ఒక ముసలమ్మ కూర్చుంది. రెండేళ్ళపాటు బావ మౌస్‌తో ఒక్కో కొబ్బరాకూ గీశాడు. నేను ప్రోగ్రామ్ రాశాను, అంటే పాత తప్పుల స్థానంలో కొత్త తప్పులు పెట్టాను.

ముసలమ్మకు గొంతిచ్చింది అత్త. జీడిగింజలు కొట్టి నల్లబడ్డ వేళ్ళతో మైకుని పసివాడి గడ్డం పట్టుకున్నట్టు పట్టుకుని, "తిన్నావేటి నాయినా? తినీసి రా, అప్పుడు సెప్తాను" అననిదే ఒక్క ఆధారమూ చెప్పేది కాదు. ఆకలి మీదున్నవాడికి దారి చూపడం ఆవిడ దృష్టిలో పాపం. డిస్కులో చోటు చాలదని నేను విసుక్కుంటే, "నీ డబ్బాలో సోటు నేకపోతే ఆ బొమ్మలో సెట్టొకటి తీసీరా" అనేసింది.

తర్వాత విశాఖలో ఒక ఇంటర్వ్యూకి ఆ ఆటను సీడీలో పట్టుకెళ్ళాల్సి వచ్చింది. అత్త మాట విని పెద్దమనుషులు నవ్వుతారేమోనని భయపడి, వార్తలు చదివినట్టు మాట్లాడే క్లాస్‌మేట్ చేత అన్నీ మంచి తెలుగులో చెప్పించి, అత్త గొంతున్న ఫైళ్ళ మీదే రికార్డు చేసేశాను. మాకున్న కాపీ అదొక్కటే. ఉద్యోగం వచ్చింది, వాళ్ళు స్పీకర్లు పెట్టనేలేదు, బావ బొమ్మలు చూసి ఇచ్చారు. బావతో మాత్రం ఏవో చిన్న దిద్దుబాట్లు చేశానన్నాను.

పాత లాప్‌టాప్‌లో ఆ సీడీ నడవకూడదని మొక్కుకున్నాను. నడిచింది. బావ ముసలమ్మ మీద నొక్కాడు. "బాలకా, తెరచాప క్రింద వెదకుము" అంది క్లాస్‌మేట్. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ అదే. అప్పుడు జరిగినదంతా చెప్పాను, తెర మీంచి చూపు తిప్పకుండా. ఇప్పటి ఫోన్లు, వాటిని ముట్టని అత్తది తప్ప, ఎవరూ అడక్కపోయినా అందరి గొంతులూ దాచిపెడుతున్నాయి, మా ఉద్దానం మాటను ఎక్కడెక్కడి వాళ్ళో ముచ్చటపడి వింటున్నారు. ఆనాడు దాన్ని వినిపించడానికి సిగ్గుపడింది, తీరా చూస్తే, నేనొక్కడినే.

బావ మౌస్ పక్కకు నెట్టి నా మొహంలోకి చూశాడు.

"మాయమ్మంటే నీకంత నామోషీయేటి బావా?"