కళ్లజోడు తీసి చేసే స్కానింగు

అయినా మీరే చెప్పండి, స్కాన్ చేసే మనిషి ఎవడైనా కళ్లజోడు తీసి పక్కన పెడతాడా? హుకుంపేట బస్టాపు ఎదుట జెరాక్సు కొట్టు నడిపిన వరహాలరావు పెట్టేవాడు. తీసి, తెరకి ముక్కు ఆనించి, స్కానైన కాగితాన్ని మొదటి అక్షరం నుంచి సంతకం దాకా పైకి చదివేవాడు. జోడు లేకుండా తనకు కనబడితే లోకంలో ఎవరికైనా కనబడుతుందని ఆయన లెక్క.

ఆయన భార్య రత్నాలుకి ఈ పద్ధతంటే ఒళ్లుమంట. సంత రోజున వరస రోడ్డు దాకా సాగేది. ఓసారి ఈయన లోపల సుక్రు అనే ఒక కొండరైతు రేషన్ కార్డుని పురాణంలా చదువుతున్నాడు. అందులో సుక్రు వయసు పన్నెండని బయటపడింది. ముగ్గురు పిల్లల తండ్రి బిక్కమొహం వేశాడు, వరసంతా నవ్వింది. కార్డు మాత్రం ఆ వారమే దిద్దించుకున్నాడు.

రెండువేల ఏడు వానల్లో అచ్చియమ్మని ఆమె మొగుడి మేనల్లుడు భీముడు వెంటబెట్టుకొచ్చాడు. కాఫీ మొక్కలకి దరఖాస్తట. ఆమె వేలిముద్ర వేసేసింది. విశాఖలో ఎవరికో మెయిల్ చేయాలట.

వరహాలరావు జోడు తీసి చదివాడు. "కొండ మీది నా రెండెకరాల పోడు నా ఇష్టపూర్తిగా వదులుకుంటున్నాను." అచ్చియమ్మ వైపు ఓసారి చూశాడు. బ్లాక్ అండ్ వైట్‌లో వేలిముద్ర సిరామరకలా ఉందన్నాడు. గ్రేలో తీసి మళ్లీ చదివాడు. అంగుళానికి వంద చుక్కలకి, అదే వంద డీపీఐకి, అక్షరాలు విరిగిపోయాయని రెండొందలు పెట్టి ఇంకా గట్టిగా చదివాడు. చివరికి కలర్లో, మూడొందలకి. ఫైలు ఎనిమిది ఎంబీ తేలింది. ఆ ఫోను లైను మీద ఆ మెయిలు కొండ దిగేసరికి రెండు సంతలు గడిచిపోతాయి.

"ఏటి సేత్తన్నావయ్యా? ఆ మొదటిదే బేగి పంపీ," అన్నాడు భీముడు.

"కనబడాల గదరా. ఉండు, మళ్లీ సదువుతాను."

నాలుగోసారి సగంలో ఉండగా అచ్చియమ్మ లేచింది. స్కానరు మూత ఎత్తి, కాగితం తీసి బొడ్లో దోపుకుంది.

"నా పోడు నానెప్పుడు వదిలీసాన్రా?"

భీముడు అంత వానలోనూ గొడుగు మరిచి వెళ్లిపోయాడు.

రత్నాలుకి అప్పుడు తట్టింది. మాస్టర్ల కాగితాలు ఆయన ఏనాడూ పైకి చదవలేదు. గుమస్తాలవీ చదవలేదు. వాటికి జోడు కూడా తీసేవాడు కాదు. అందులో ఏముందో చెప్పు బాబూ అని నలుగురిలో అడగలేనివాళ్లవే చదివేవాడు. ఇన్నేళ్లూ ఆయన్ని తిట్టింది దానికేనా అని ఆమె ఆ పూట అన్నం సరిగా తినలేదు.

భీముడు ఇంకో కాగితం పుట్టించకుండా, అచ్చియమ్మ పోయిన మొగుడి నాటి పట్టాని పాడేరు ఆఫీసులో చూపించాలి. అది సగం చెదలు తిన్నది. వరహాలరావు దాన్ని ఒక పూటంతా కూర్చుని అక్షరం పోకుండా స్కాన్ తీసి, సీడీలో వేశాడు. సోమవారం ఆమెతో పాడేరు వెళ్లాలి. శుక్రవారం చలిజ్వరం తగిలింది. ఆదివారం పోయాడు.

పన్నెండో రోజు దాటాక రత్నాలు కొట్టు తెరిచింది. బయట బల్ల మీద అచ్చియమ్మ పొద్దుటినుంచీ కూర్చునుంది. సొరుగులో సీడీ ఉంది. కవరు మీద ఆయన చేతిరాత, మరిచిపోకుండా తనకోసం రాసుకున్నది.

"సోమవారం మొదటి బస్సు. సీడీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. అచ్చియమ్మకి కిటికీ సీటు పట్టాలి, కొండ మలుపుల్లో వాంతులు. నాకూను."