మూల మొహం చూడని పొడి

ఆమె ఇనుప సామానుకు పొడిరంగు వేస్తుంది. పద్దెనిమిదేళ్లుగా అదే పని. చేతిలోని గన్ను పొడికి కరెంటు ఎక్కించి వదులుతుంది. కొక్కేనికి వేలాడే సామాను దాన్ని తనవైపు లాక్కుంటుంది. తర్వాత ఓవెన్‌లో పెడితే పొడి కరిగి పట్టుకుంటుంది.

ఆ రోజు, రంగు వేసి పంపిన ఇనుప మందుల పెట్టెలు నలభై వెనక్కి వచ్చాయి. బయటంతా నిగనిగ. లోపలి మూలల్లో ఉత్త ఇనుము.

ఓనరు గన్ను వోల్టేజీ నాబ్‌ను చివరికంటా తిప్పి, కదలకుండా టేపు అంటించాడు.

"ఫుల్లు పెట్టానమ్మా. ఈసారీ మూలలు బోసిగా వస్తే గన్ను ఇంకొకరికిస్తా. నువ్వు సామాను కడిగే తొట్టి దగ్గరికి పో."

సాయంత్రం ఒక పెట్టె వేసి చూసింది. అంచుల మీద పొడి దట్టంగా పేరుకుంది. మూలలు మునుపటికంటే బోసి.

ఇంట్లో ఆమె వంట చేస్తుంటే తోటికోడలు వంటింటి గుమ్మంలో కూర్చుని పరీక్షకు చదువుతోంది.

"అక్కా, విద్యుత్ క్షేత్రం అదిశ రాశి అవుతుందా, సదిశ రాశి అవుతుందా?"

"మనుషుల భాషలో అడగవే."

"వేడి ఎంతో చెబితే చాలు, అది అదిశ. గాలికి ఎంతో చాలదు, ఎటో కూడా చెప్పాలి. అది సదిశ."

"అయితే నీ క్షేత్రం గాలి లాంటిదే."

"పుస్తకం చూశావా?"

"నా పొడిని చూస్తున్నాగా. అంచు కనబడితే అటే పరుగు. మూల మొహం చూడదు."

ఆమె చేతిలో గరిటె ఆగింది. "అంటే వోల్టేజీ పెంచినకొద్దీ పొడిని అంచులవైపే ఇంకా గట్టిగా లాగుతోందన్నమాట."

"మీ ఓనరుకు చెప్పు."

"ఆయనకు నాబ్ తప్ప ఇంకేం కనబడదు."

మర్నాడు పొద్దున్నే టేపును గోటితో ఊడదీసింది. నాబ్ సగానికి తగ్గించింది. గన్ను మూలలోకి వంచి, ముందు మూలలు వేసింది, నిదానంగా. అంచులు చివర్న.

ఓవెన్‌లోంచి తీసిన పెట్టె చల్లారాక ఓనరు టార్చి వేసి ఒక్కో మూలా చూశాడు. వేలితో రుద్ది చూశాడు. నాబ్ ఇప్పుడున్న చోటే కొత్త టేపు ముక్క అంటించాడు.

"ఇక దీన్ని కదపకు."

"నాబ్ ఎంతన్నదే చెబుతుంది సార్. ఎటన్నది నా చేయి చూసుకోవాలి. దానికీ ఒక ముక్క అంటిస్తారా?"

ఓనరు టేపు చుట్టను జేబులో పెట్టుకున్నాడు.

"మిగతా ముప్పై తొమ్మిదీ కానివ్వు."

ఆమె రెండో పెట్టెను కొక్కేనికి తగిలించింది.