అక్క ఎదురొచ్చిన రోజు

మొన్న మనవరాలి కళ్లద్దాల కోసం నల్లగొండ కంటి దవాఖానకు వెళ్లినప్పుడు, కన్ను తీసేసినవాళ్లకు లోపల అమర్చే గోళీని డాక్టరు బల్ల మీద చూశాను. కుంకుడుకాయంత ఉంది. మా అక్క గుర్తొచ్చింది.

అక్క అంటే నా పెద్ద యారాలు, మా బావ భార్య. నకిరేకల్‌లో మా వాడకట్టున ఎవరు మంచి పని మీద బయలుదేరినా ఆమె ఎదురు రావాలి. ఆమె ముఖం చూసి పోతే పని అయినట్టేనని అందరి నమ్మకం, ఆమెకైతే అదో ఉద్యోగం. తెలంగాణ వచ్చిన కొత్తలో పత్తికట్టె పొడుచుకుని ఆమె ఎడమకన్ను చితికిపోయింది. రెండో కంటికి ముప్పు రాకుండా దాన్ని తీసేయాలన్నారు. ఉత్తగా తీసి కుట్టేస్తే గుంట పడుతుందని, లోపల గోళీ పెట్టి కంటి కండరాలను దానికి కలిపి కుడితే, గాయం మానాక పైన తొడిగే పెట్టుడుకన్ను కూడా కదులుతుందని డాక్టరు విడమరిచి చెప్పారు. చూపు రానిదానికి ఇంత తిప్పలెందుకని బావ గొణిగాడు గానీ, అక్క అడిగింది ఒక్కటే.

"గా కన్ను తిరుగుతదా సారూ?"

కొంత తిరుగుతుందన్నారాయన.

"జర తిరిగినా సాలు."

గాయం మానేదాకా, ఎవరైనా బయలుదేరుతుంటే చాలు, ఒంటికన్ను ఎదురైతే అపశకునమని తానే పెరట్లోకి పోయి నిలబడేది. పెట్టుడుకన్ను వచ్చాక అద్దం ముందు అటూ ఇటూ చూసుకుని మురిసింది, అయినా ధైర్యం చాలక ముందు నా మీదే పరీక్ష పెట్టింది. నేను బ్యాంకుకు బయలుదేరితే నీళ్లబిందెతో ఎదురొచ్చింది.

బ్యాంకులో సర్వర్ పనిచేయడం లేదని తిప్పి పంపారు. వస్తుంటే బస్టాండు దగ్గర చెప్పు తెగింది. ఆమె గడపలో కాచుకుని ఉంటుందని నాకు తెలుసు. తెగిన జతను అక్కడే పారేసి, కొత్తవి కొనుక్కుని, నవ్వుకుంటూ ఇంటికొచ్చి పనైపోయిందన్నాను.

"సూసినవా నా ఎదురు! కొత్త చెప్పులు గూడ వచ్చినయ్!" అంది. ఆమె రెండు కళ్లూ కలిసి నా కాళ్ల వైపు తిరిగాయి.

ఆ తర్వాత వాడకట్టంతా మళ్లీ ఆమెను పిలిచింది, ఆమె చనిపోయేదాకా పిలిచింది. ఇప్పటి పిల్లలు చెవిలో ఫోను పెట్టుకుని బండి తీస్తారు, ఎవరు ఎదురొచ్చారో కూడా చూడరు. ఒకందుకు మంచిదే, శకునాల పేరుతో ఎంతమందిని మూలకు తోశామో మన ఈడువాళ్లకు తెలియనిదా? కానీ చేతిలో పని వదిలి, మన పని కావాలని కోరుకుంటూ గడప దాకా వచ్చే మనిషి కూడా లేకుండా పోయింది. ఈమధ్య ఎక్కడికైనా బయలుదేరితే, తలుపు నేనే దగ్గరికి వేసుకుని పోతున్నాను.