కొమ్ముల్లేని యోధుడు

గున్‌వోర్ ముప్ఫై ఏళ్లు పళ్లసెట్లు కట్టింది. గాట్‌లాండ్ దీవిలో ఆమె కట్టిన పళ్లతో గొర్రెమాంసం నమలని ముసలాళ్లు అరుదు. చివరి పదేళ్లూ మైనం ముట్టకుండా కంప్యూటర్ తెరమీదే పన్ను చెక్కింది.

పని మానేశాక ఊరి మ్యూజియంవాళ్లు పిలిచారు. పొలంలో వెయ్యేళ్ల నాటి సమాధిలో ఒక వైకింగ్ యోధుడి పుర్రె బయటపడింది, ముఖం చేసిపెట్టమన్నారు. ఆవిడ ఎగిరి గంతేసింది. ఆరు నెలలు తెరకి కళ్లప్పగించి ఎముక మీద కండ, కండ మీద చర్మం పేర్చి, దాన్ని బొమ్మగా అచ్చు తీయించింది.

తీరా చూస్తే రాక్షసుడూ కాదు, భూతమూ కాదు! సమాధిలో దువ్వెన పెట్టారు కాబట్టి తల నున్నగా దువ్వింది. ముందుపళ్ల మీద ఆకురాయితో అడ్డంగా గీయించుకున్న గీతలున్నాయి. అవి నలుగురికీ చూపించుకోకుండా ఉంటాడా అని అతన్ని నవ్వించింది.

మ్యూజియం సంఘం సమావేశంలో బొమ్మ మీద గుడ్డ తీయగానే అధ్యక్షుడు తూరే మొహం మాడిపోయింది.

“కొమ్ములేవి?”

“కొమ్ముల టోపీ ఏ వైకింగ్ సమాధిలోనూ దొరకలేదు తూరే. తర్వాత నాటకాలవాళ్లు తగిలించారు.”

“అయితే ఏం? జనం కొమ్ముల కోసమే వస్తారు. ఈ పెళ్లికొడుకుని ఎవడు చూస్తాడు? పట్నం కంపెనీవాళ్లు ఏడడుగుల కొమ్ములవాణ్ణి చేసిస్తామన్నారు. దీన్ని పక్కన పెడదామనేవాళ్లు చేతులెత్తండి.”

చేతులు లేస్తే గున్‌వోర్ చేసిన మనిషి మూలన పెట్టెలోకే. ఆవిడకి ఒళ్లు మండింది.

“తూరే, నీ నోట్లో పళ్లు ఎవరు కట్టారు?”

అందరూ అటు తిరిగారు.

“సినిమా హీరోకున్నంత పెద్దవి కావాలని నా ప్రాణం తోడేశావు. నీ దవడ ఒప్పుకోదంటే అలిగిపోయావు. చివరికి దవడ చెప్పినట్టే కట్టాను. పద్నాలుగేళ్లలో ఒక్కసారైనా జారాయా?”

“లేదు,” గొణిగాడు తూరే.

“అడుగు తల్లీ, అడుగు!” వెనకనుంచి అతని భార్య ఇంగెగెర్డ్ అరిచింది. “ఈయన కోరినవే పెట్టుంటే గుర్రంతో కాపురం చేసేదాన్ని!”

హాలు గొల్లుమంది.

“ఇతనికీ ఎముక చెప్పిందే చేశాను,” అంది గున్‌వోర్. “నీకే అబద్ధం కట్టలేదు. నోరు లేని చచ్చినవాడికి కడతానా?”

తూరే కళ్లజోడు పెట్టుకుని బొమ్మ దగ్గరికి వెళ్లాడు. పళ్ల మీది గీతలు బొటనవేలితో తడిమాడు. పక్కనే అద్దాలపెట్టెలో ఉన్న పుర్రెతో ఒక్కొక్కటీ పోల్చి చూశాడు. ఎంతకీ కదలడే!

“గీయించుకున్నప్పుడు బాగా నొప్పి పుట్టుంటుంది, పాపం,” అన్నాడు చివరికి.

జనం వైపు తిరిగాడు.

“కొమ్ములు లేకపోతే పోయె, వీడు మనవాడు. ఇక్కడే ఉంచుదాం.”

ముందు అతనే చెయ్యెత్తాడు. తర్వాత హాలంతా ఎత్తింది. ఎవరి ముందూ ఏడవని గున్‌వోర్ అందరి ముందూ భోరుమంది.