మూడు పూతలు

రాజేశ్వర్ వీసాలో పెయింటర్ అని రాసి ఉండేది. మా కంపెనీలో పెయింటర్ అంటే రోలర్ పట్టుకుని రోజుకు నాలుగు గదులు తెల్లగా చేసేవాడు. నేను పికప్ డ్రైవర్ని, పేరు నాగబాబు, మాది రాజోలు దగ్గర. దుబాయ్ దగ్గర ఉమ్ అల్ క్వైన్‌లో ఇద్దరం ఆరేళ్లు ఒకే గదిలో ఉన్నాం. అతనిది కోరుట్ల దగ్గర ఒక పల్లె. రెండు మాటలు అడిగితే ఒక మాట చెప్పే మనిషి. అలాంటివాళ్లంటే నాకు ఒళ్లుమంట. అయినా అతని గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను, ఆ గోడ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ అన్నం సయించదు.

2020 జూలైలో మొదలైంది. కరోనాకు సగంమందిని ఇళ్లకు పంపేశారు. మిగిలినవాళ్లకు ముదీర్, అంటే మా మేనేజర్, చెప్పిన మాట ఒక్కటే. పని దగ్గర ఎదురు చెప్పినవాడు తర్వాతి విమానం ఎక్కుతాడు.

ఆ వారం పాత ఊళ్లో, సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఒక ఇంటికి మమ్మల్ని పంపారు. ఒక ఇరానీ కుటుంబం ఎనభై ఏళ్లుగా అద్దెకుంటున్న ఇల్లది. ఇంటి యజమాని పోయాక అతని కొడుకులు దాన్ని లేబర్ గదులుగా మార్చమని మా కంపెనీకి అప్పగించారు. లోపల మిగిలింది ఒక్క మనిషి, గుల్‌నార్ ఖానుమ్. డెబ్బై దాటి ఉంటాయి. సామానంతా అట్టపెట్టెల్లో సర్దుకుని ఉంది. శనివారం షార్జాలో తమ్ముడి కొడుకు దగ్గరికి వెళ్లిపోతుందట.

నడిమి గదిలో ఒక గోడ మొత్తం బొమ్మే. ఎడమవైపు పైకప్పు దాకా సన్నగా పెరిగిన సరుగుడులాంటి చెట్టు. మధ్యలో మూడు గుర్రాలు, వాటి మీద రౌతులు. కుడివైపు గులాబీ కొమ్మ మీద ఒక బుల్‌బుల్ పిట్ట. ఆవిడ తనకొచ్చిన హిందీలో మాకు చెప్పింది. ముత్తాత షీరాజ్‌లో గొప్పవాళ్ల ఇళ్ల పైకప్పులకు పూలు వేసేవాడు. ఆయన కొడుకు పడవెక్కి ఇటొచ్చి ఆ చెట్టు వేశాడు. గుర్రాలు నాన్నవి. పిట్ట ఈవిడది, పదిహేనో ఏట వేసిందట. ఇప్పుడు వేళ్లు వంకర్లు పోయాయి, కుంచె నిలవదు. తమ్ముడి కొడుకు బ్యాంకులో పనిచేస్తాడు, వాడికి గీత గీయడం కూడా రాదని తనే నవ్వింది.

"కరోనా తగ్గాక గోడ కోసి తీసుకెళ్లే మనిషిని పిలిపిస్తాను. అప్పటిదాకా ఈ ఒక్క గోడ వదిలేయండి" అని ఫోర్‌మాన్‌ను బతిమాలింది.

"ఖాలా, శనివారానికి అంతా తెల్లగా ఉండాలి. ఖలాస్" అన్నాడు వాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. నేనేం చేశానంటే, వెళ్లి పికప్‌లో కూర్చున్నాను.

రాజేశ్వర్ మాత్రం గోడ దగ్గరే ఉన్నాడు. వేలు తడిచేసుకుని గుర్రం డెక్క మీద రుద్దాడు. వేలికి రంగు అంటలేదు. బయటికొచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"అన్నా, చింతపండు గావాలె. గింజలున్నది."

"ఎంతేంటి?"

"పది కిలోలు."

"ఏవయ్యా, పెళ్లికి పులుసేవన్నా కాస్తన్నావా?"

"గా బొమ్మ మీద వార్నీషున్నది, నీళ్లకు పోదు. చింతగింజల అంబలి పూస్త. అండ్ల సుద్ద గలుపుత. దాని మీదికెల్లి పెయింట్ గొడ్త. ఎన్నడన్న ఉడుకునీళ్ల బట్ట బెడితే అంబలి కరుగుతది, పెయింట్ ఊడ్తది. బొమ్మకేం గాదు."

అంత పొడుగు మాట అతని నోట నేను వినడం అదే మొదలు. నీకిదంతా ఎలా తెలుసని అడిగాను.

"మేం నకాషోళ్లమే అన్నా" అన్నాడు.

వాళ్ల నాన్న గుడ్డ పటాల మీద కులకథలు గీసేవాడట. కథ చెప్పేవాళ్లు వాటిని ఊరూరా విప్పి పాడేవారు. టీవీలొచ్చాక పటం అడిగేవాళ్లే లేరు. రాజేశ్వర్ చేతికి కుంచె అందకముందే నాన్న పోయాడు. గీయడానికి ముందు గుడ్డకు పూసే అంబలి వండటం ఒక్కటే ఇతనికి వచ్చింది. ఇంటి విద్యలో అతనికి మిగిలింది అంతే.

శుక్రవారం సెలవు. మా గదంతా చింతపండు వాసన. గింజలు వేయించాడు, నానబెట్టాడు, పొట్టు తీశాడు, మిక్సీలో వేశాడు. మిక్సీ కాలిపోయింది. మిగతావి రుబ్బడానికి పక్క గదివాళ్ల మిక్సీ తెచ్చి నేనే తిట్లు తిన్నాను. ఉడికించి వడగడితే జిగురు తేలింది. గుజ్జు పారెయ్యబుద్ధికాక మేం తొమ్మిది రోజులు పులుసే తిన్నాం.

శనివారం పొద్దున్నే ఫోర్‌మాన్‌కు ప్రైమర్ అని చెప్పి పూత మొదలుపెట్టాడు. ఒక పూత, ఫ్యాన్ పెట్టి ఆరబెట్టడం, మళ్లీ ఒక పూత.

"అయిపోయిందిగా, చాల్లే" అన్నాను.

"మా బాపు మూడేస్తుండె" అని మూడోది కూడా వేశాడు. పసిబిడ్డకు నూనె రాసినట్టు రాశాడు, చెయ్యి ఎక్కడా ఆగకుండా.

తెల్ల పెయింట్ సగానికి వచ్చేసరికి ఖానుమ్ లోపలికొచ్చింది. గుర్రాలు లేవు. పిట్ట లేదు. చెట్టు కొస ఒక్కటే కనబడుతోంది. ఫోర్‌మాన్ పక్కనే నిలబడి ముదీర్‌కు పంపడానికి వీడియో తీస్తున్నాడు. రాజేశ్వర్ వాడి వైపు ఒకసారి చూసి, రోలర్ మళ్లీ ముంచాడు.

"నీ చెయ్యి విరగ!" అంది ఆవిడ. ముందు ఫార్సీలో అంది, తర్వాత మాకు అర్థం కావాలని హిందీలో కూడా అంది. బయట కారు హారన్ కొట్టింది. వెళ్లిపోయింది.

ఆ రోజునుంచి అతనికి ఒకటే ధ్యాస, ఆవిడకి చెప్పాలి. ఫోర్‌మాన్ నంబరివ్వలేదు. అడిగితే అనుమానం వస్తుందని రెండోసారి అడగలేదు. ఎనిమిది నెలలు ప్రతి శుక్రవారం ఆ వీధి దుకాణాలన్నీ తిరిగాడు. చివరికి అక్కడి ఇళ్లలో పనిచేసే కడప మున్నీబీ దగ్గర నంబరు దొరికింది. 2021 మార్చిలో నేనే పికప్‌లో షార్జా తీసుకెళ్లాను.

ఆవిడ తలుపు సగమే తీసింది. ముందు గుర్తుపట్టలేదు, పట్టాక మూసేయబోయింది. రాజేశ్వర్ సంచిలోంచి చెక్కపలక తీశాడు. దాని మీద ఏదో పువ్వు వేసి, వార్నీషు పట్టించి, అంబలి పూసి, పైన పెయింట్ కొట్టి తెచ్చాడు. "ఉడుకునీళ్లు ఇప్పించండి" అన్నాడు హిందీలో. గుమ్మంలోనే కూర్చుని తడిబట్ట వేసి తుడిచాడు. తెల్లరంగు జారిపోయింది. ఎర్రటి పువ్వు బయటపడింది.

ఆవిడ అక్కడే నేల మీద కూలబడి అతని రెండు చేతులూ కళ్లకు అద్దుకుంది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గేమీ లేదు. మీ నాన్నెవరని అడిగింది. నకాష్ అన్నాడు. బొమ్మలేసే తమవాళ్లకూ అదే పేరని, అయితే నువ్వు మా ఇంటివాడివేనని లోపలికి తీసుకెళ్లి టీ ఇచ్చింది.

ఆ తర్వాత కంపెనీ మమ్మల్ని ఆ గోడ ఉన్న ఇంట్లోకే మార్చింది. నడిమి గదిలో ఎనిమిది మంచాలు. గోడవైపు మంచం రాజేశ్వర్ పట్టుబట్టి తీసుకున్నాడు. మేకు కొట్టనిచ్చేవాడు కాదు, తువ్వాలు కూడా తగిలించనిచ్చేవాడు కాదు. గోడ కోయడానికి ఇంటి యజమానులు ఒప్పుకునేదాకా గోడకు కాపలా అన్నమాట. ప్రతి శుక్రవారం ఖానుమ్ ఫోన్ చేసేది.

"నా గోడ బాగుందా బేటా?"

"బాగుంది ఖానుమ్."

2022 ఆగస్టులో ఒక మధ్యాహ్నం గోడలో టప్పుమని చప్పుడైంది. మూలన తెల్లపొర అరచేతంత మేర లేచి చుట్టుకుపోయింది. రాజేశ్వర్ దాన్ని తిప్పి చూశాడు. వెనకవైపు గులాబీ కొమ్మ ఉంది. అది ఉండాల్సిన చోట గోడ మీద ఒట్టి సున్నం.

"గుడ్డయితే వంగుతది అన్నా. గోడ వంగది" అన్నాడు. 

రాత్రింబవళ్లు ఏసీ. అంబలి ఎండి, బిగుసుకుని, కింది రంగును పట్టి పీకేస్తోంది. ఒక్క పూతయితే అంత బలం ఉండేది కాదు. ఏసీ కట్టేస్తే ఆగస్టు ఎండకు ఏడుగురం తిరగబడ్డాం. నేనూ అరిచాను, అబద్ధం ఎందుకు. ఉడుకునీళ్ల తువ్వాళ్లు కప్పి చూశాడు. ఒక చోట మెత్తబడేది, ఇంకోచోట లేచేది. రాలిన ముక్కలన్నీ ఏరి ఖర్జూరాల డబ్బాలో దాచేవాడు. తిండి మానేశాడు. శుక్రవారం ఫోన్ వస్తే మాత్రం "బాగుంది ఖానుమ్" అనేవాడు.

"చెప్పెయ్యవయ్యా బాబూ! దాస్తే దాగుద్దా?" అని ఒకరోజు కసిరాను.

"మంచిమాట జెప్పనీకి ఎనిమిది నెలలు తిరిగిన. గిప్పుడు గిది ఏ నోటితోని జెప్పాలె?" అన్నాడు. 

నవంబరులో ఆవిడే ఫోన్ చేసి చెప్పింది, ఇంటి యజమానులు ఒప్పుకున్నారు, వచ్చే శుక్రవారం గోడ కోసే మనిషిని తెస్తున్నానని. ఆ గొంతులో సంతోషం నాకూ వినబడింది. రాజేశ్వర్ "సరే ఖానుమ్" అని ఫోన్ పెట్టేశాడు.

శుక్రవారం పొద్దున కారు వచ్చింది. అతను గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఖానుమ్, లోపలికి రావద్దు. నేను పాడుచేశాను."

ఆవిడకు అర్థం కాలేదు. అతన్ని పక్కకు జరిపి లోపలికి నడిచింది. మంచాలన్నీ జరిపి ఉన్నాయి. ఉడుకునీళ్ల బకెట్ ఉంది. ఏమైనా మిగులుతుందేమోనని చివరి ఆశ. బట్ట వేసి తుడిచాడు. తెల్లపొర అట్టలు అట్టలుగా ఊడింది. ప్రతి అట్ట వెనకా రంగులు. గోడ మీద సగం చెట్టు, గుర్రాల కాళ్లు మిగిలాయి. పిట్ట అసలే లేదు. ఆవిడ ఒక అట్ట అందుకుంది. వేళ్లలో పొడి అయిపోయింది.

కోసే మనిషి గోడ మీద తట్టి చూసి, సున్నం గుల్లబారింది, కోస్తే ఇదీ నిలవదన్నాడు.

"ఎన్ని పూతలు వేశావు?" అని అడిగింది ఆవిడ.

"మూడు."

"ఒక్కటి చాలు బేటా." తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వేళ్లకంటిన పొడి తుడుచుకుని, "తెల్లరంగు తీసుకురా" అంది.

రాజేశ్వర్ ఆవిడ కాళ్లు పట్టుకున్నాడు. "వద్దు ఖానుమ్, చెట్టన్నా ఉండనివ్వండి. నేను చూసుకుంటాను."

"గుర్రం లేని కాళ్లు చూసి ఇక్కడి కుర్రాళ్లు నవ్వుతారు. మా నాన్నను చూసి ఎవరూ నవ్వకూడదు. నువ్వే వెయ్యి. ఇంకెవరూ వద్దు."

అతను డబ్బా మూత తీశాడు. రోలర్ ముంచి, ఆవిడవైపు తిరిగి, "కింద అంబలి పూయమంటారా?" అని అడిగాడు.

"వద్దు" అంది.

నా మంచం మీద కూర్చుని చూసింది. ముందు కాళ్లు పోయాయి. తర్వాత చెట్టు మొదలు పోయింది. చెట్టు కొస దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది.  నేను లేచి రోలర్ అందుకోబోతే ఆవిడ నా మోచెయ్యి పట్టి ఆపింది.

"యల్లా బేటా, కానియ్యి" అంది అతనితో.

అతను రోలర్‌ను చెట్టు కొస మీదుగా పైకి లాగాడు.