బస్సులన్నీ నా పెండ్లికొచ్చిన రోజు

పిలవని వాళ్లు ఒకరిద్దరు పెండ్లికి రావడం ఎక్కడైనా ఉన్నదే. నా పెండ్లికి దేవరకొండ బస్టాండు మొత్తం వచ్చింది. సంచులతో, సూట్‌కేసులతో, ఒకాయనైతే రెండు మేకపిల్లలతో సహా. దీనికి నేను క్షమాపణ చెప్పాలని ఇప్పటికీ కొందరంటారు. చెప్పను. భోజనం పెట్టాను కదా! ఎలా జరిగిందో మాత్రం చెబుతాను. చదివాక తిట్టుకున్నా పర్వాలేదు, ఈ విషయంలో నాకు తిట్లు కొత్త కాదు.

ఇంజనీరింగ్ అయిపోయి, ఉద్యోగం జోలికి నేనూ, నా జోలికి ఉద్యోగమూ పోకుండా మర్యాదగా ఉన్న రోజుల్లో, నల్గొండలో కూర్చుని ‘బస్సేడుంది’ అనే యాప్ రాశాను. అది చేసే పని చిన్నదే. బస్సులో ఉన్న మనిషి ఒక మీట నొక్కితే, ముందు ఊళ్లో ఎండలో నిలబడ్డ మనిషికి ఆ బస్సు ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తుంది. ఒక బస్సు తప్పితే సాయంత్రం దాకా ఇంకోటి రాని ఊళ్లు మా దిక్కు చాలా ఉన్నాయి. దవాఖానకు పోయేవాళ్లకు, కాలేజీ పిల్లలకు మా యాప్ ఒక ఆసరా అయింది. పైసా తీసుకోదు. దాని లోపలి రాతంతా అందరి ముందూ పెట్టాను. ఎవరైనా చూడొచ్చు, దిద్దొచ్చు, బాగుచేసి పంపొచ్చు.

పంపినదాన్ని ఒప్పుకుని యాప్‌లోకి ఎక్కించే అధికారం మాత్రం నాది. ఒకటే పాస్‌వర్డ్. అది ఒకటే బుర్రలో ఉంటుంది. ఆ బుర్ర ఎవరిదో మీకు అర్థమయ్యే ఉంటుంది.

నాతో మొదటి నుంచీ ఉన్నది ఇద్దరు. సుజాత నా క్లాస్‌మేట్, నల్గొండలో కంప్యూటర్ సెంటర్ నడుపుతుంది. ఖాజా మహబూబ్‌నగర్ వాడు, పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతాడు. వాళ్లు కాక ఊరూరి నుంచి జనం దిద్దుబాట్లు పంపేవాళ్లు. తిరుమలగిరి నుంచి ఎవరో పంపిన దిద్దుబాటు నా ఒప్పుదల కోసం ఎదురుచూస్తుండగానే అక్కడ బస్సు ఆగే జాగా మళ్లీ మారిపోయింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు. నేను పట్టిన కుందేలు కాళ్లను లెక్కపెట్టడానికి ఇంకొకరిని దగ్గరికి రానిచ్చేవాణ్నే కాదు.

సుజాత ఒకరోజు మొహం మీదే అన్నది. “అన్నదానం పెట్టినవు, మంచిగనే ఉంది. గరిటె ఒక్కటే, అది నీ చేతిల్నే. నువ్వు పక్కకు పోతే మంది ఇస్తరాకులు ముంగటేసుకొని కూసోవాల్నా?”

“నేనేడికి పోత?”

“జరమొస్తది. ఊరికి పోతవు. పెండ్లి చేసుకుంటవు.”

“నాకు పిల్లనెవరిస్తరు?”

“గదీ నిజమే” అన్నాడు ఖాజా, మొదటిసారి నా పక్షం తీసుకుంటూ.

కానీ ఇచ్చారు. దేవరకొండలో బట్టల దుకాణం అంజయ్య గారి బిడ్డ రేణుక. బడిలో లెక్కలు చెబుతుంది, కాబట్టి అన్నీ లెక్కేసుకునే ఒప్పుకుని ఉంటుంది. మాటముచ్చట్ల రోజు మామ నన్ను పక్కకు పిలిచాడు.

“అల్లుడూ, గా యాప్ ఫుకట్‌కిస్తున్నవట. మా తోడల్లుని కొడుక్కు పట్నంల కంపెనీ ఉంది. కొంటడట. అమ్మరాదు?”

“అది అమ్మేది కాదు మామా. నా ఒక్కనిది కాదు, అందరిది.”

“అందరిదైతే తాళంచెవి నీ ఒక్కని కాడ్నే ఎందుకుంది?”

నా మొదటి జవాబుకు ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. ఆయన రెండో ప్రశ్నకు ఆ పూట ఇంకో కప్పు చాయ్ అడిగాను.

పెండ్లి ముందురోజు ఒంటికి పసుపు పూస్తుంటే నాకో గొప్ప ఆలోచన వచ్చింది. పసుపుకు క్రిములను చంపే గుణం ఉందంటారు, ఆలోచనలను చంపే గుణం లేదు. ‘బస్సేడుంది’ వాడేవాళ్లంతా మనవాళ్లే కదా, పెండ్లిపత్రిక యాప్‌లోనే పెడితే ఎంత బాగుంటుంది! ఫంక్షన్ హాలు ఎక్కడుందో కూడా మ్యాపులో చూపిస్తే ఇంకెంత బాగుంటుంది! వెంటనే రాసేశాను. ఎవరు రాసిందైనా ఇంకొకరు చూసిన తర్వాతే ఎక్కించాలని మాలో ఒక నియమం ఉంది. ఆ నియమం రాసింది నేనే. అంటే నాకు వర్తించదన్నమాట.

సుజాత ఫోన్ చేసింది. “ఏందో ఎక్కిస్తున్నట్టున్నవు. జర నన్ను చూడనీ.”

“నా పెండ్లిపత్రికకు నీ సంతకం కావాల్నా?”

“కావాలె.”

“పోవమ్మా, పోయి రేపటికి చీర ఇస్త్రీ చేస్కో.”

తెల్లారి లగ్నం వేళకు హాలు నిండిపోయింది. నిండింది సరే, ఇంకా నిండుతూనే ఉంది. మామ మా బాపు దగ్గరికి వచ్చి మెచ్చుకోలుగా అన్నాడు. “బావా, మీ దిక్కు చుట్టాలు చానమందే ఉన్నరు!” వాళ్లంతా ఆడపెండ్లివారనుకుంటున్న బాపు ఏమీ ఎరగనట్టు మీసం సవరించుకున్నాడు. మగపెండ్లివారేమోనని వాళ్లు, ఆడపెండ్లివారేమోనని వీళ్లు, వచ్చినవాళ్లను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి బంతిలో కూర్చోబెట్టారు. బగారన్నం వడ్డించారు. వద్దన్నవాళ్లను అలిగారనుకుని బతిమాలారు. నా పెండ్లిలో అందినంత మర్యాద ఆ ప్రయాణికులకు జన్మలో ఏ బస్సులోనూ అంది ఉండదు.

చివరికి మేకపిల్లలాయన చెయ్యి కడుక్కుని బాపునే అడిగాడు. “పటేలా, తిండి మంచిగుంది గని, బస్సు ఎప్పుడు తీస్తరు?”

అప్పటికి మా ఇద్దరి మధ్య తెర తీశారు. నా అరచెయ్యి జీలకర్ర బెల్లంతో రేణుక నెత్తి మీద ఉంది. ఆమెది నా నెత్తి మీద. “నేను చెప్పేదాక చెయ్యి తియ్యొద్దు నాయనా” అన్నాడు పంతులు. సరిగ్గా అప్పుడు సుజాత వేదిక మీదికి ఉరికొచ్చింది.

“నీ పత్రిక పాడుగాను! బస్సులన్నీ ఈ హాల్లనే ఉన్నట్టు చూపిస్తుంది! నల్గొండ బస్సు ఈడ్నే, అచ్చంపేట బస్సు ఈడ్నే, సాగర్ బస్సు ఈడ్నే! అసలు బస్సులేమో బస్టాండు కాడ ఖాళీగ పోతున్నయ్!”

పత్రికకు అంటుకోవాల్సిన హాలు జాగా ప్రతి బస్సుకూ అంటుకుంది. ఒకరు చూసి ఉంటే ఒక చూపులో దొరికేది.

“పెండ్లయినంక చూస్తా” అన్నాను గుసగుసగా.

“గా తల్లి పిల్లను దవాఖానకు తీస్కపోవాలె, చూడు” అని సుజాత గుమ్మం వైపు చూపించింది. జ్వరంతో సోలిపోతున్న బిడ్డను భుజాన వేసుకుని ఒకామె నిలబడి ఉంది. ఖాజా అప్పటికే బండి తీస్తున్నాడు. “ఈమెను నేను ఎక్కిస్త భాయ్. మిగిలిన ఊళ్లల్ల గిట్లనే నిలబడ్డోళ్లను ఎవరు ఎక్కియ్యాలె?”

ఆ మాటతో నా మొండితనం దిగింది. వేలిముద్రతో ఫోన్ తెరుద్దామంటే వేలినిండా బెల్లం. మొహం చూపిద్దామంటే నుదుటికి బాసింగం. నా ఫోనే నన్ను పెండ్లికొడుకుగా ఒప్పుకోలేదు.

“పాస్‌వర్డ్ చెప్పు” అన్నది సుజాత, తన ఫోన్ తీస్తూ.

“ఇప్పుడా?”

“లేదు, మీ సీమంతానికి!”

భజంత్రీలు హోరెత్తిస్తున్నారు. ఆమె చెవికి అందాలని గొంతు చించుకుని అరిచాను. సరిగ్గా అప్పుడే పంతులు చెయ్యెత్తాడు, భజంత్రీలు ఆగారు. మంత్రాలు అందరికీ వినబడాలని పెట్టిన మైకు నా నోటి ముందే ఉంది.

“నేను లేకుంటే అంతా సున్న!”

ఆ మాట హాలంతా మోగి, వంటశాల దాకా పోయి వెనక్కి వచ్చింది. గరిటెలు కూడా ఆగిపోయాయి.

సుజాత మాత్రం తొణకలేదు. “సున్న అంటే అంకెనా, అక్షరాలా?”

“అంకె” అన్నాను. అదీ మైకులోనే.

రేణుక వాళ్ల అవ్వ ముందు వరుసలో నుంచి అడిగింది. “పంతులూ, గిదేం మంత్రం? మా పెండ్లిల సదవలే.”

నా నెత్తి మీది చెయ్యి వణకడం మొదలుపెట్టింది. పెండ్లికూతురు ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రెండూ ఒకే ముహూర్తంలో ఓడాను.

తలంబ్రాలు పోసే లోపు సుజాత పత్రిక పీకేసింది, ఖాజా ఆటోలు మాట్లాడి జనాన్ని బస్టాండుకు చేర్చాడు. పట్నం కంపెనీ చుట్టం మామ చెవిలో “నేను చెప్పలే? ఫుకట్ సరుకు గిట్లనే ఉంటది” అన్నాడట. మామ బుస్సుమన్నాడు. “నీ కంపెనీ ఆగిపోతే ఇంతమంది అడగనీకొస్తరా? మాది ఒక్క గడియ ఆగితే ఊర్లకూర్లే వచ్చినయి. పోయి తిను పో!” ‘మాది’ అన్నాడు. నేను స్వయంగా విన్నాను.

ఇప్పుడు ప్రతి రూటుకూ ఒక పెద్ద ఉన్నారు. ఎవరుండాలో ఏటా అందరూ కూర్చుని తేల్చుకుంటారు. దేవరకొండ రూటు పెద్ద ఆ మేకపిల్లలాయన కొడుకే. నన్ను ఒకసారి ఓడించారు కూడా. యాప్ పైసా తీసుకోదు, అమ్ముడుపోలేదు, పోదు. అనుమానం ఉన్నవాళ్లు వచ్చి చూసుకోవచ్చు, బస్సుకే రండి.

సుజాత ఆ వేదిక మీదే పాస్‌వర్డ్ మార్చేసి, నలుగురికి ఇచ్చింది. నాకంటే ముందు రేణుకకు ఇచ్చింది. అత్తారింటి నుంచి వచ్చేటప్పుడు కారులో అడిగితే నా భార్య చెవిలో చెప్పింది. “నువ్వు లేకున్నా నడుస్తది.” తర్వాత అదీ మార్చారు కాబట్టే మీకు చెబుతున్నాను.

కాబట్టి అగ్నిసాక్షిగా, బగారన్నం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. గరిటె ఒంటరిగా పట్టను. ఇంకొకరు చూడనిదే అక్షరం బయటికి పంపను. నా పెండ్లిని మళ్లీ ఏ యాప్‌లోనూ పెట్టను, మళ్లీ పెండ్లే చేసుకోను.

ఈ వ్యాసం కూడా సుజాతకు చూపించాకే పంపుతున్నాను. అంతా ఒప్పుకుని ఒక్కచోట దిద్దింది: మేకపిల్లలు రెండు కాదట, మూడట.

రెండే. తల తీసినా ఒప్పుకోను.