బల్లెక్కిన కత్తిపీట

తొంభైల చివర్లో ఒక రోజు, బందరు చేపల మార్కెట్లో ఆఖరి చేప కోసి ఇచ్చి లేవబోయాను. లేవలేకపోయాను.

మార్కెట్లో నేను కూర్చునే చోటు మా అత్తగారి నుంచి నాకొచ్చింది. నేల మీద గొంతుక్కూర్చుని, కత్తిపీట చెక్కను కుడికాలితో తొక్కిపట్టి చేపలు కోస్తాం. ఆ కుడి మోకాలే బిగుసుకుపోయింది. పక్కనే గంప పెట్టుకుని చేపలమ్మే సూరమ్మ చెయ్యిచ్చి లేపింది.

"ఏం వదినా, ఇంటికెళ్లబుద్ధి కావట్లేదా?" అంది. నేనూ నవ్వేశాను.

తర్వాత రోజూ పొద్దున్నే కాలు కర్రలా ఉండేది. కాస్త తిరిగితే వదిలేది. మెట్లు దిగుతుంటే ప్రాణం పోయేది. కోడలు నాగమణి గుడివాడలో ఎముకల డాక్టరు గారికి చూపించింది. ఎక్స్‌రే, బ్లడ్ టెస్ట్ అయ్యాయి.

"ఆస్టియో ఆర్థరైటిస్ అమ్మా. కీలులో ఎముకల మధ్య మెత్తలా ఉండే కార్టిలేజ్ అరిగింది" అన్నారు. మాత్రలు రాసి, ఎక్సర్‌సైజ్ చూపించారు. నేను 'అరిగింది' అన్న మాట ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నాను.

మా ఇళ్లలో అరిగిన వలతాడును వాడరు. చుట్టి దూలానికి తగిలిస్తారు, అవసరానికి ఉంటుందని. మోకాలినీ అలాగే దాచాను. ఆ వానాకాలం మంచం మీదే గడిచింది. మార్కెట్‌కు నాగమణి వెళ్లేది. అది పొలం పనుల ఇంటి పిల్ల, పెద్ద చేప కోయడం రాదు.

"అత్తా, కోయమన్నవాళ్లను సూరమ్మ పిన్ని దగ్గరికి పంపుతున్నా. ఇలాగైతే మన చోటు మనకుండదు" అని ఒకరోజు కళ్లనీళ్లు పెట్టుకుంది.

మళ్లీ గుడివాడ వెళ్లాం. డాక్టరు గారు నా తొడ నొక్కి చూశారు.

"కండ కరిగిపోయింది. ఎక్సర్‌సైజ్ చెయ్యలేదా?"

"అరిగిందన్నారు కదండీ, వాడకుండా దాచాను" అని తాడు సంగతి చెప్పాను.

ఆయన నవ్వలేదు. "మోకాలు తాడు కాదమ్మా. దాన్ని మోసేది తొడ కండ. వాడకపోతే అదీ పోతుంది. నడవండి. కింద మాత్రం కూర్చోకండి."

"కూర్చోకుండా చేపలెలా కొయ్యనండీ?"

"ఎలా కూర్చుంటారో చూపించండి."

కోడలి చెయ్యి పట్టుకుని సగం దాకా కూర్చున్నాను. ఆయన అక్కడే ఆపారు.

"మీరు కిందికి దిగే బదులు ఆ కత్తిపీటే పైకి రాదా?"

ఇన్నేళ్లలో ఆ ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. మా ఆయన పాత పడవ చెక్కతో బల్ల చేసి, కత్తిపీటను దాని మీద కదలకుండా బిగించాడు. నేను ఎత్తు పీట మీద కూర్చున్నాను.

"లేవండే, కలెక్టరమ్మ గారొచ్చారు!" అని సూరమ్మ కేక పెట్టింది. మార్కెట్టంతా నవ్వింది. కొనేవాళ్లు మాత్రం మెల్లగా తిరిగొచ్చారు.

నొప్పి పూర్తిగా పోలేదు. చలిరోజుల్లో ఎక్కువే ఉంటుంది. పొద్దున్నే కాళ్లు చాపి, మోకాలి కింద తువ్వాలు మడతపెట్టి, డాక్టరు గారు చూపించినట్టు మోకాలితో దాన్ని నొక్కుతాను. మార్కెట్‌కు నడిచే వెళ్తాను. ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదన్నారు. మార్కెట్లో ఆ చోటు ఇంకా మాదే.

నాలాంటి వాళ్లకు ఒక్కటే చెబుతాను. డాక్టరు గారికి నొప్పి ఎక్కడో చెప్పి ఊరుకోకండి. రోజంతా ఏ పని ఎలా కూర్చుని చేస్తారో చేసి చూపించండి.